సౌభాగ్య రాసిన ఏడో మార్గం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్క వీధిలో సౌభాగ్య ఏం పని చేస్తుందని అడిగితే తలా ఒక మాట చెబుతారు. ఎదురింటావిడ లెక్కన ఆ పిల్ల పొద్దస్తమానం ఫోను పట్టుకుని తనలో తాను మాట్లాడుకుంటుంది. పాలవాడు ఆమెను టీచరమ్మ అనుకుంటాడు. తండ్రి నాగభూషణం మాత్రం ఎవరు అడిగినా, అడగకపోయినా, మా అమ్మాయి రైటరు అంటాడు.

అసలు సంగతి ఏమిటంటే, హైదరాబాదులోని ‘చిటికె కబుర్లు’ అనే వెబ్‌సైటుకు ఆమె జాబితాలు రాస్తుంది. జుట్టు రాలకుండా అయిదు చిట్కాలు, ఫ్రిజ్‌లో పెట్టకూడని తొమ్మిది వస్తువులు, అలాంటివి. అత్తగారితో గొడవ రాకుండా ఏడు సూత్రాలు కూడా ఆమే రాసింది. అదీ అత్తగారితో పడలేక రాయ్‌పూర్ కాపురానికి ఒక దండం పెట్టి పుట్టింటికి వచ్చేసిన ఆరు నెలలకు. ఆ ఏడు సూత్రాలనూ లక్ష మంది చదివారు. చదివి ఎంతమంది బాగుపడ్డారో ఎవరూ కనుక్కోలేదు.

తెలుగు ఆమెకు నోటికి వచ్చినంతగా చేతికి రాదు. తాత బొబ్బిలి వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు, తండ్రి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు, ఆమె చదువు మొత్తం హిందీలో సాగింది. తెలుగు అక్షరాలు తండ్రే కూర్చోబెట్టి నేర్పాడు గానీ, ఒత్తులు వచ్చినచోటల్లా ఆమె చదువు ప్యాసింజరు బండిలా ఆగి ఆగి నడుస్తుంది. అందుకని ఆమె రాయదు, మాట్లాడుతుంది. ఫోను ఆ మాటల్ని అక్షరాలుగా మారుస్తుంది. ఇంట్లో ‘ఏటి’ అనే నోటితోనే ఫోను ముందు కూర్చుని ‘ఏమిటి’ అంటుంది. మిగిలిన వంకర్లు ఎడిటర్ వేణుగోపాల్ సరిచేస్తాడు. తను చెప్పింది తిరిగి చదువుకోవడం ఆమెకు గంట పని, కాబట్టి చదువుకోదు.

ఆ వేణుగోపాల్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు. అతని నియమాలు మాత్రం కంఠతా వచ్చు. జాబితాలో సంఖ్య ఎప్పుడూ బేసిది కావాలి. అయిదంటే జనం తక్కువనుకుంటారు, పదకొండంటే బెదిరిపోతారు, ఏడు మంచిది. ఆరు అన్నది అతని దృష్టిలో అసలు అంకే కాదు. ఇక ఆఖరిది ఊరించేలా ఉండాలి, దాని కోసం జనం కిందిదాకా దిగాలి, దిగినకొద్దీ మధ్యలో ప్రకటనలు కనబడాలి. వ్యాపారం అంతా అదే.

రెండు నెలల కిందట అతను రైల్వే ఉద్యోగుల మీద ఒకటి కావాలన్నాడు. ‘సొంత ఊరికి బదిలీ కావాలా? ఈ ఏడు మార్గాలు మీకోసం.’ సౌభాగ్య రెండు మూడు తండ్రి నోట ఎప్పుడో విన్నవి పెట్టింది, మిగిలినవి హిందీ సైట్ల నుంచి ఏరింది. ఆరు అయ్యాయి. ఏడోది ఎంత తన్నుకున్నా దొరకలేదు. తండ్రిని అడగవచ్చు, కానీ ఆయనకు శుక్లాల ఆపరేషను జరిగి కంటికి కట్టుతో పడుకుని ఉన్నాడు. ఇంకో కన్ను వచ్చే నెల. వేణుగోపాల్ చూస్తే గంటలోపు కావాలని మెసేజి మీద మెసేజి పెడుతున్నాడు.

అప్పుడు ఆమెకు పక్కింటి గుప్తాలతో గోడ గొడవ గుర్తొచ్చింది. మూడేళ్లు కత్తులు నూరుకున్న రెండు ఇళ్లవాళ్లూ చివరికి పోలీసు చౌకీలో కూర్చుని, ఇద్దరికీ సమ్మతమే అని ఒక కాగితం రాసుకుని సంతకాలు చేశారు. ఆ కాగితాన్ని ఇక్కడ అందరూ రాజీనామా అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కూడా ‘గుప్తాతో రాజీనామా అయిపోయింది’ అనుకున్నారు. ఉద్యోగం మానెయ్యడానికి వాళ్లు వాడే మాట వేరే ఉంది, ఇస్తీఫా. ఆఫీసుతో కూడా అలాంటి ఒప్పందం రాసుకోవచ్చు కదా అని సౌభాగ్యకు తోచింది. రెండేళ్లు మీరు చెప్పినచోట చేస్తాను, తర్వాత నన్ను మా ఊరు పంపండి అని. రైల్వేలో అలాంటి పద్ధతి ఉందో లేదో విచారించే ఓపిక లేదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని చెప్పేసింది: ‘ఏడు. ఆఫీసుతో పంతం వద్దు. రాజీనామా రాసి ఇవ్వండి. దాన్ని ఏ ఆఫీసరూ కాదనడు.’

చదువుతున్నవాళ్లకు ఇక్కడే గుండె ఝల్లుమని ఉంటుంది. ఆమెకు మాత్రం ఏమీ కాలేదు. ఏడు నిండాయి, పంపేసింది, లేచి వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టింది.

మంగళవారం ఉదయం పదిన్నరకు నాగభూషణం కొత్త కళ్లద్దాలతో వరండాలో కూర్చున్నాడు. రెండు నెలల తర్వాత డాక్టరు ఫోను చూడనిచ్చాడు. కూతురు రాసినవి చదవడం కంటే వాటి కింద జనం రాసినవి చదవడం ఆయనకు ఎక్కువ ఇష్టం. సూపర్ అని ఒకడు, దండాలు పెట్టే బొమ్మతో ఇంకొకడు. చదువుతూ చదువుతూ ఆయన ఒకచోట ఆగిపోయాడు.

"భాగ్యా, ఈ పైడిరాజు ఎవుడమ్మా? ఉజ్జోగం ఒగ్గేస్తానంటన్నాడు."

లోపల్నుంచి సౌభాగ్య ఎవరూ ఏమీ ఒగ్గడం లేదని, అది ట్రాన్స్‌ఫర్ల లిస్టని చెప్పింది.

"రాజీనామా ఇవ్వడానికి ఇయ్యాళ బిలాస్‌పూర్ వస్తన్నానని రాసినాడు కదమ్మా."

"అదే నాన్నా. రాజీనామా. ఒగ్గడమేటి?"

గరిటతోనే వరండాలోకి వచ్చిన కూతురి ముఖాన్ని నాగభూషణం అద్దాలు తీసి చూశాడు. "రాజీనామా అంటే ఏటనుకుంటన్నావు?"

"సమ్‌ఝౌతా. గుప్తాతో మనం రాసుకోలేదేటి?"

"అది హిందీలోనమ్మా. తెలుగులో రాజీనామా అంటే ఇస్తీఫా."

సౌభాగ్య నవ్వబోయి, తండ్రి ముఖం చూసి మానేసింది. ఆయన ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది. పైడిరాజు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, కర్గీ రోడ్ స్టేషను. ముఖం బదులు అమ్మవారి బొమ్మ. రెండు నెలలుగా ప్రతి వారం పదిరోజులకూ ఒకటి రాస్తూనే ఉన్నాడు. ‘మేడంగారూ, మొదటిది చేశాను.’ ‘రెండోది కూడా చేశాను, జవాబు రాలేదు.’ ‘మూడోదానికి మనిషి దొరకలేదు.’ ఎవరూ బదులివ్వలేదు. ఇచ్చేవాళ్లు ఎవరు, ఆమె ఒక్కటి కూడా తెరిచి చూడలేదు. ఆఖరిది ఆ ఉదయం ఏడుకు పెట్టాడు. ‘ఆరూ అయిపోయాయి మేడంగారూ. ఈరోజు ఏడోది, రాజీనామా ఇవ్వడానికి బిలాస్‌పూర్ వస్తున్నాను. దయ ఉంచండి.’

ఆమె పైకి జరిపి తను రాసిన ఏడోదాన్ని చూసింది. దానికింద తను చెప్పని ముక్కలు ఉన్నాయి. ‘ఇదే బ్రహ్మాస్త్రం. రాజీనామా చేతిలో పెట్టగానే ఆఫీసరే మిమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతాడు.’ పైన శీర్షికలోనూ ఒక తోక. ‘ఏడోది తెలిస్తే షాక్ అవుతారు!’ పక్కన కోటు వేసుకున్న ఎవరో అమ్మాయి ఫొటో, దాని కింద ‘సౌభాగ్య, రైల్వే నిపుణురాలు’.

నాగభూషణం ముప్పై ఏళ్లు ఉద్యోగుల కాగితాలు చూసిన మనిషి. ఆయనకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. సర్వీసు ఇరవై ఏళ్లు దాటినవాడు రిటైర్మెంటు తీసుకుంటే పింఛను వస్తుంది, ఇస్తీఫా ఇస్తే చేసిన సర్వీసంతా గంగలో కలుస్తుంది. రెండూ ఒకటే అనుకుని ఇల్లు ముంచుకున్నవాళ్లను ఆయన చూశాడు. అయితే ఒక్క దారి ఉందన్నాడు. ఆఫీసరు మంజూరు చేస్తూ సంతకం పెట్టేలోపు, ఇచ్చినవాడే వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇవ్వాలి. సంతకం పడితే ఇక అంతే.

ఆయన కర్గీ రోడ్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేశాడు. పైడిరాజుకు ఈరోజు రెస్టు, ఉదయం ప్యాసింజర్‌కే వెళ్లిపోయాడు, నంబరు కలిపితే ఫోను ఆపేసి ఉంది. ఆలోగా సౌభాగ్య హైదరాబాదుకు కలిపింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది.

వేణుగోపాల్ సంతోషంగా మాట్లాడాడు. ఆ జాబితా ఇప్పటికీ పరిగెడుతోందన్నాడు. ఆమె విషయం చెప్పింది. అతను, రాజీనామా అంటే రాజీనామా అనే అనుకున్నానని, మీరు కావాలనే ధైర్యంగా రాశారనుకుని దాన్నే శీర్షికకెక్కించానని చెప్పాడు. అది ఇప్పుడే తీసెయ్యమని ఆమె బతిమాలింది.

"తీసేస్తే ఆరే మిగులుతాయి సౌభాగ్యగారూ. ఇంకోటి ఏదైనా చెప్పండి, అది పెట్టి మార్చేస్తాను."

ఒక మనిషి కొంప కాలుతుంటే ఇతను అంకె చూస్తున్నాడు. తిట్టాలని సౌభాగ్యకు నోటిదాకా వచ్చింది. కానీ ఆ ఏడోదాన్ని అంకె కోసం కల్పించింది ఎవరు? ఆమె ఫోను పెట్టేసి స్కూటర్ తాళాలు తీసుకుంది. పొయ్యి కట్టేసిందో లేదో వీధి చివరికి వెళ్లాక గుర్తొచ్చి, నాగభూషణం వెనక సీటు మీద నుంచే ఎదురింటావిడకు ఫోన్ చేసి చూడమన్నాడు.

రైల్వే ఆఫీసు పెద్ద దూరమేమీ కాదు. కానీ ఆ రోజు ప్రతి ఆటోవాడూ ఆమె ముందే ఆగాడు. గేటు దగ్గర పేరు రాయించుకోవడం, ఆధార్ చూపించుకోవడం, మెట్లెక్కలేక తండ్రి మధ్యలో రొప్పుతూ నిలబడిపోవడం. ఆమె ఆయన్ను అక్కడే వదిలి పైకి పరిగెత్తింది. మళ్లీ దిగొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆయన లేకుండా ఆ గదుల్లో ఎవరిని ఏం అడగాలో ఆమెకు తెలియదు.

కాగితాలు తీసుకునే బల్ల దగ్గర శాంతాదేవి ఉంది. ఒకప్పుడు నాగభూషణం దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఆయన్ను చూడగానే లేచి నిలబడి, కళ్లెలా ఉన్నాయి బాబాయిగారూ అని మొదలుపెట్టింది. ఆయన పైడిరాజు పేరు చెప్పాడు. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది.

"పది అవకముందే వచ్చీసినాడు బాబాయిగారూ. ఇచ్చీసినాడు. ఎందుకు బాబూ, ఇంటికెళ్లి ఆలోచించుకో అన్నాను. నాకు అంతా తెలుసమ్మా అని నవ్వినాడు."

ఆ కాగితానికి నంబరు పడింది. సంతకాల ఫైళ్లతో కలిసి ఆఫీసరు గదిలోకి వెళ్లింది. ఆఫీసరు ఒంటిగంట బండికి ఇన్‌స్పెక్షనుకు వెళ్తున్నారు, వెళ్లేలోపు బల్ల మీదివన్నీ చూసేస్తారు. గోడ గడియారంలో పన్నెండుకు పది నిమిషాలుంది. లోపలికెళ్లిన కాగితాన్ని తన అంతట తను తీయలేనని శాంతాదేవి మెల్లగా చెప్పింది. పైడిరాజే వెనక్కి తీసుకుంటున్నట్టు ఇంకో కాగితం రాసి ఇస్తే మాత్రం తనే తీసుకెళ్లి దాని మీద పెడుతుంది. అంతకంటే తన చేతిలో లేదు. ఆ మాటలో అబద్ధం లేదని నాగభూషణానికి తెలుసు.

పైడిరాజు ఎక్కడున్నాడని అడిగితే ఆమె గడ్డంతో వరండా చివరికి చూపించింది. ఆఫీసరు గది ఎదుట బెంచీ మీద ఒక మనిషి నిటారుగా కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర పడ్డ వయసు, ఇస్త్రీ చొక్కా, తడి దువ్వెన పెట్టిన తల, ఒళ్లో ప్లాస్టిక్ కవరు. ఎవరో వచ్చి పేరు పెట్టి పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు ఆ తలుపు మీద నుంచి చూపు తిప్పడం లేదు.

సౌభాగ్య అతని ఎదుట నిలబడి, ఆ కాగితం వెనక్కి తీసుకోమని గబగబా చెప్పింది. అది తప్పు, దానివల్ల ఉద్యోగం పోతుంది, పింఛను కూడా రాదు, అవతల టైము లేదు. అతను ఓపికగా అంతా విని, పక్కకు కొంచెం జరిగి ఆమెకు బెంచీ మీద చోటిచ్చాడు. మీరెవరో మంచికే చెబుతున్నారమ్మా అన్నాడు. తన ఆడది కూడా ఇలాగే భయపడిందట. అయితే ఇది ఉద్యోగం వదలడానికి ఇచ్చింది కాదని, దీన్ని చూసి ఆఫీసరే పిలుస్తారని, పిలిచినప్పుడు నీలవేణి సంగతి చెప్పుకుంటానని అన్నాడు.

నీలవేణి అతని కూతురు. పుట్టుక నుంచి వినబడదు. విజయనగరంలో అలాంటి పిల్లల బడిలో చదువుతోంది, తల్లి అక్కడే గది తీసుకుని ఉంటోంది. పిల్ల ఇప్పుడు పెదాలు చూసి మాట తెలుసుకుంటోందని చెప్పేటప్పుడు అతని ముఖం వెలిగింది. కానీ ఆమెకు తెలిసింది తెలుగు పెదాలే. ఇక్కడికి తెస్తే అందరూ హిందీ మాట్లాడతారు, ఒక్క ముక్క అర్థం కాదు. వీడియోలో మాట్లాడదామంటే స్టేషను దగ్గర సిగ్నలు ఆగి ఆగి వస్తుంది, నాన్న నోరు కదలకుండా నిలిచిపోతుంది, పిల్ల విసుక్కుని ఫోను అమ్మకిచ్చేస్తుంది.

"ఆ లిస్టు రాసింది నేనే," అంది సౌభాగ్య.

పైడిరాజు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. వంటింటి పసుపు మరకతో చున్నీ, రేగిన జుట్టు. కవర్లోంచి ఒక ప్రింటు తీశాడు. గోల్ బజార్‌లో రంగుల్లో తీయించుకున్న కాగితం. కోటు అమ్మాయిని వేలితో చూపించి, ఆ మేడం వేరమ్మా అన్నాడు. ప్రింటులో ఆరు అంకెల పక్కనా నీలం పెన్నుతో టిక్కులున్నాయి.

ఆ ఫొటో తనది కాదని ఆమె చెప్పింది. అతను నవ్వాడు, ఎగతాళిగా కాదు, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు.

"మీరే అయితే ఆ ఏడూ ఏటో చెప్పండమ్మా."

సౌభాగ్య చెప్పబోయింది. సొంతంగా దరఖాస్తు పెట్టుకోవడం ఒకటి. పిల్లల అనారోగ్యం కాగితాలు జతచేయడం రెండు. పరస్పరం మారడానికి అక్కడి మనిషిని వెతుక్కోవడం మూడు. యూనియన్ వాళ్లను పట్టుకోవడం నాలుగు. అయిదు దగ్గర ఆమె నోరు ఆగిపోయింది. ఎంత తవ్వుకున్నా రాలేదు. ఈ రెండు నెలల్లో ఆమె ముప్పై జాబితాలు చెప్పింది. వాటిలో ఇది ఏది, అది ఏది?

"జోనల్ ఆఫీసులో పెద్దసారుకి కుటుంబం ఫొటో పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపడం," అని పైడిరాజు అందించాడు. "ఆరోది ఫిర్యాదుల రోజుకి ఎల్లడం. రెండుసార్లు ఎల్లాను."

ఆమెకు సిగ్గేసింది. తను మరిచిపోయిన వాటిని ఈ మనిషి మంత్రంలా కంఠస్థం చేశాడు. లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. ప్యూను ఒక కట్ట ఫైళ్లు చంకన పెట్టుకుని బయటికొచ్చాడు, అన్నీ సంతకాలైనవే. అందులో అది ఉందో లేదో తెలియదు. వరండాలో నాగభూషణం వాడి వెంట పడి ఒక్కొక్క ఫైలూ చూస్తున్నాడు. కొత్త కళ్లు, చూపు ఇంకా పూర్తిగా కుదరలేదు, ప్రతి కాగితాన్నీ ముక్కుదాకా తెచ్చుకుంటున్నాడు. లేదని తల ఊపాడు. అంటే ఇంకా లోపలే ఉంది.

సౌభాగ్య అతని ఎదుట నేల మీద కూర్చుంది. ఫోను తీసి, ఆ జాబితా చెప్పిన రోజు తను వేణుగోపాల్‌కు పంపిన మెసేజీలు చూపించింది. అందులో పేరుంది, తారీఖుంది, ఆరు రాసి పంపిన ముక్క ఉంది. దాని కింద అతని జవాబు ఉంది: ‘ఇంకోటి కావాలి, ఏడు చేయండి.’ ఆ కింద ఏడోది. పైడిరాజు దాన్ని చదివాడు. మళ్లీ పైకి జరిపి చదివాడు.

"బాబూ, నాకు ఆరే తెలుసు. అక్కడ ఏడుండాలన్నారు. అందుకని ఒకటి పెట్టీసాను. ఆ మాటకి తెలుగులో అర్థం ఏటో కూడా నాకు తెలీదు."

అతను ప్రింటులో ఏడో అంకె మీద వేలు పెట్టాడు. ఆమె గడియారం వైపు చూడకుండా కూర్చుంది. తిడతాడనుకుంది. కొట్టినా పడదామనుకుంది.

"అంకె కోసమా?" అన్నాడు చివరికి.

ఆమె తల ఊపింది.

ఇరవై నాలుగేళ్ల సర్వీసు అని, అతను లేచి నిలబడి ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు. లేవడంలో కవరు జారి కాగితాలన్నీ చెల్లాచెదురయ్యాయి. నాగభూషణం ఒక తెల్ల కాగితం అందుకుని, అతన్ని భుజం పట్టి కూర్చోబెట్టి, మాట మాటా చెప్పి హిందీలో రాయించాడు. ఈ తేదీన ఇచ్చిన ఇస్తీఫాను వెనక్కి తీసుకుంటున్నాను, దానిపై ఏ చర్యా తీసుకోవద్దని ప్రార్థన. తొందరలో పైడిరాజు తప్పు రాయడంతో ఒక కాగితం పాడైంది. రెండోదాన్ని సౌభాగ్య నేల మీద అదిమి పట్టుకుంటే దాని మీద రాశాడు. పన్నెండూ ఇరవై. శాంతాదేవి నంబరు వేసి, పైట సర్దుకుని, తలుపు తోసుకుని లోపలికెళ్లింది.

ఆ తలుపు మూసుకుంది. లోపల ఫోను మోగింది, ఆఫీసరు ఎవరితోనో మాట్లాడుతూనే ఉన్నాడు. పన్నెండున్నర. సౌభాగ్య తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. పన్నెండూ నలభైకి తలుపు తెరుచుకుంది. శాంతాదేవి తల బయటపెట్టి పైడిరాజును రమ్మంది. కలం మూత తీసి ఆ ఫైలే చూస్తున్నారని, తను వెళ్లి పైన పెట్టేసరికి ఆపారని, ఇప్పుడు మనిషిని చూడాలంటున్నారని అతి నెమ్మదిగా చెప్పింది. నాగభూషణం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. సౌభాగ్య నేల మీద చెల్లాచెదురైన కాగితాలు ఏరి కవర్లో పెట్టింది.

అయిదు నిమిషాలకు పైడిరాజు బయటికొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ఆఫీసరు రెండు కాగితాలూ ఫైలులో పెట్టించి, చర్య అవసరం లేదని రాశారట. ఇది ఎవరు చెప్పి చేయించారని మాత్రం గట్టిగా అడిగారట. ఎవరూ చెప్పలేదు సార్, నా బుర్రే బాగులేదు అన్నాడట. అదే ఫైలులోకి ఎక్కింది. కూతురి సంగతి చెప్పుకునే వీలు రాలేదు. బండికి టైమయిందని ఆఫీసరు లేచిపోయారు.

మెట్లు దిగుతూ సౌభాగ్య ఉండబట్టలేక అడిగింది. నా పేరు ఎందుకు చెప్పలేదు, తప్పు నాదే కదా, నేనే లోపలికొచ్చి ఒప్పుకునేదాన్ని కదా అని.

పైడిరాజు కింద మెట్టు మీద ఆగి ఆమె వైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు. అది ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

"మీ పేరు చెప్తే ఆ ఆరూ కూడా అబద్ధాలైపోవా అమ్మా? అయిదోదానికి జవాబు ఇంకా రాలేదు కదా. మా పాప ఫొటో పెట్టి పంపాను. స్కూలు డ్రెస్సులో తీయించింది."

అయిదోదాన్ని ఎక్కడి నుంచి తీసుకుందో సౌభాగ్యకు గుర్తు లేదు. ఏదో హిందీ సైటులో చూసిందో, ఆరు చేయడానికి తనే కల్పించిందో, ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పలేదు. తండ్రి పక్కనే ఉన్నాడు, ఆయన ముఖం చూస్తే అలాంటి పద్ధతి ఆయన ఎన్నడూ వినలేదని తెలుస్తూనే ఉంది. పైడిరాజు ఆమె జవాబు కోసం ఆగాడు. ఔనని ఒక్క మాటంటే అతను తృప్తిగా కర్గీ రోడ్ బండెక్కుతాడు.

"అది కూడా నాకు తెలీదు బాబూ," అంది సౌభాగ్య.

అతను ఆమె పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు, ఆ మాట సరిగా వినబడనట్టు. ఆమె మళ్లీ చెప్పాల్సి వచ్చింది.